తెర వెనక పుర్రచేతి దొర

నాకు కోపం తక్కువ. కాలేజీలో ఉన్నప్పుడు నన్ను హాస్యగాడన్నారు. ఉద్యోగంలో చేరాక అదే గుణానికి బాధ్యత లేకపోవడమని పేరు పెట్టారు. రెండింటికీ నవ్వి ఊరుకున్నాను. అలాంటి వాణ్ణి, ఒక నవ్వుల సినిమా తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. సినిమా తప్పేమీ లేదు. అది చాలా మంచి సినిమా. అందులో ఒక లావుపాటి మనిషి గుర్రాల నీళ్లతొట్టిలో ఏడుసార్లు పడతాడు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్త రోజులు. మా నాన్న రాయ్‌పూర్‌లో గూడ్సు బండి గార్డు. పార్వతీపురం వైపు నుంచి విజయనగరం లైను పట్టుకుని వచ్చి ఇక్కడ దిగిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. కాలనీలో మా వరసంతా అలాంటివాళ్లే. గుమ్మం లోపల పార్వతీపురం, గుమ్మం దాటితే హిందీ, ఆరంగ్ నుంచి కూరగాయల బుట్టతో వచ్చే ఆవిడతో ఛత్తీస్‌గఢీ. నేను నాగపూర్‌లో బి.ఏ. చదివి వచ్చి ట్రాఫిక్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. అంత చదువు వల్ల నాకు వెంటనే కలిగిన లాభం ఒక్కటే. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే ఉద్యోగుల క్లబ్బులో, సినిమా వేస్తే తెర ముందు వైపు కుర్చీలో కూర్చునే హక్కు.

ముందు వైపు అని ప్రత్యేకంగా చెప్పడం దేనికంటే, వెనక వైపు కూడా ఉండేది కనక.

నెలకోసారి మైదానంలో రెండు గుంజల మధ్య తెల్లబట్ట కట్టేవారు. చీకటి పడే వేళకి ఒక ఖలాసీ నిచ్చెనెక్కి ఆ బట్టని బకెట్టెడు నీళ్లతో తడిపేవాడు. తడిబట్ట మీద బొమ్మ అవతలి వైపుకి కూడా దిగుతుంది. ముందు వైపు ఆఫీసర్లకీ వాళ్ల భార్యలకీ సోఫాలు, ఆ తర్వాత గుమాస్తాలకీ గార్డులకీ డ్రైవర్లకీ కుర్చీలు. వెనక వైపు ఖలాసీలు, పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్లు, బళ్లకి దారి మార్చే పాయింట్స్‌మన్లు. వాళ్లతో పాటే, మధ్యలో ఒక తాడు కట్టి, మా ఆడవాళ్లు. మొగుడు కుర్చీలో ఉన్నా పెళ్లాం మురికికాలవ పక్కన గోనెపట్టా మీదే. ఇది దొరల కాలం నాటి పద్ధతట. దొరలు వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు దీన్ని పట్టుకెళ్లడం మరిచిపోయారు. మనవాళ్లు దుమ్ము దులిపి భద్రంగా దాచారు.

వెనక వైపు కూడా బొమ్మ బాగానే కనిపిస్తుందని ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీగారు అనేవారు. ఆయన మా ఆఫీసులోనే హెడ్ క్లర్కు, మన తెలుగాయనే. ఆయన చెప్పింది నిజమే. ఏ లోటూ లేదు. కుడి ఎడమలు మాత్రం తారుమారవుతాయి.

ఇక ఆ సినిమా. అమెరికావాళ్ల పడమటి ఎడారిలో కథ. బక్కపల్చటి మనిషొకడు, తలకన్నా మూడింతలు పెద్ద టోపీ పెట్టుకుని, వానే ఎరగని ఊరికి గొడుగులు అమ్మడానికి వస్తాడు. ఊరివాళ్లు వాణ్ణి పేరుమోసిన తుపాకీవీరుడనుకుంటారు. అక్కడి లావుపాటి రౌడీ వాణ్ణి నడివీధిలో పోరుకి పిలుస్తాడు. మనవాడు నడుం దగ్గర చెయ్యి పెట్టి లాగితే పిస్తోలుకి బదులు మేజోడు వస్తుంది. మళ్లీ లాగితే ప్యాంటు ఊడి వస్తుంది. గుర్రం ఎక్కబోతే గుర్రం కూర్చుంటుంది. రౌడీ ఎలా కదిలినా ఆఖరికి నీళ్లతొట్టిలోనే తేలతాడు. మాటలన్నీ ఇంగ్లీషు, ఒక్కటీ అర్థం కానవసరం లేదు.

అన్నిటికీ పైది చెంచా ఘట్టం. బక్కదొర హోటల్లో కూర్చుని చిక్కుడుగింజలు తింటూ ఉంటాడు. పళ్లెం పక్కన పిస్తోలు. రౌడీ తలుపు తన్ని లోపలికొస్తాడు. కంగారులో దొర ఒక చేత్తోనే అన్నీ అందుకుని, పిస్తోలు గొట్టం నోట్లో పెట్టుకుని నమిలి, చెంచా ఎత్తి రౌడీ గుండెకి గురిపెడతాడు. రౌడీ వణుకుతూ రెండు చేతులూ ఎత్తేస్తాడు.

మర్నాటి నుంచి కాలనీకి ఇంకో పనిలేదు. సిగ్నల్ కేబిన్‌లోంచి చెంచా చూపిస్తే ఇంజను మీద డ్రైవరు చేతులెత్తాలి. ఎత్తనివాడు మర్యాద తెలియనివాడి కింద లెక్క. ధమ్‌తరీ వెళ్లే చిన్న రైలు ఫైర్‌మన్ బొగ్గుపార కొస నోటికి ఆనించి నమిలేవాడు. మా నాన్న ఒక్కడే గంభీరంగా ఉన్నాడు. సినిమా చివర దొర ఒక రైలెక్కి పారిపోతాడు; ఆయన దిగులంతా దాని గురించే. "అంత బండికి గార్డేడిరా? జెండా లేదు, బ్రేక్‌వాన్ ఖాళీ. ఆ ఊళ్లో ఇన్‌స్పెక్షన్‌కి ఎవరూ రారేటి?" అని వారం రోజులు బాధపడ్డాడు.

ఇంత మోజు దేనికని సెక్రటరీగారు ఆశ్చర్యపోయేవారు. చవకబారు అన్నారు. నాకు కారణం తెలుసు. ముందు వైపు నవ్వు గ్రేడు ప్రకారం ప్రయాణించేది. ముందు సోఫాలో పెద్దసాహెబు నవ్వాలి. ఆయన నవ్వాడని రూఢి అయ్యాక చిన్నసాహెబులు, ఆ తర్వాత హెడ్ క్లర్కులు, చివరికి మేము. అప్పటికి రౌడీ తొట్టిలోంచి లేచి బట్టలు పిండుకుంటూ ఉండేవాడు. తెర అవతల అలా కాదు. లావుపాటివాడు పడీ పడకముందే నవ్వు పేలేది. వాళ్లకి సాహెబు మొహం కనిపించదు. గోనెపట్టాలకి ఉన్న సౌకర్యం అదొక్కటే.

మొదటి ఆట రోజున నాయనమ్మ తమలపాకుల సంచి ఇంట్లో మరిచిపోయి కబురు పంపింది. ఇంటర్వెల్‌లో పట్టుకెళ్లి ఇచ్చాను. అంతకుముందెప్పుడూ నేను తెర వెనక్కి వెళ్లలేదు. ఆ సంగతి రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అప్పుడు తట్టనే లేదు. కాలవ కంపు, దోమలు, ముప్ఫై ఏళ్లు కాపరం చేసిన ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని నేలమీద. సినిమా మళ్లీ మొదలైంది. అలాగే నిలబడి చూశాను. సారాకొట్టు బోర్డు మీద అక్షరాలు వెనక నుంచి ముందుకి పరిగెత్తుతున్నాయి.

చెంచా ఘట్టం వచ్చింది. దొర ఎడం చేత్తో తింటున్నాడు.

తాడు అవతల ఒక గ్యాంగ్‌మన్ లేచి నిలబడి కేకేశాడు. "దేఖ్ గా! డేరీ హాథ్! డేరీ హాథ్ మా ఖాథే!" ఛత్తీస్‌గఢీలో ఎడం చెయ్యి డేరీ. కుడి చెయ్యి జేవనీ, అంటే భోజనం చేసేది. ఏ చేత్తో తినాలో వాళ్ల భాష ముందే తేల్చేసింది. మన దగ్గర ఆ పని భాష కాకుండా మనుషులు చేస్తారు. నేను అమ్మ వైపు చూశాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అమ్మ నవ్వడం లేదు. ఆవిడ కొంగు కిందనుంచి ఎడం చెయ్యి బయటికొచ్చి ఒళ్లో ఉంది. ఆ చెయ్యి నలుగురి మధ్యా బయట ఉండగా నేను అదే మొదటిసారి చూడటం.

మా అమ్మది పుర్రచెయ్యి. చిన్నప్పుడు వాళ్లింట్లో ఎడం మణికట్టు మీద చింతగింజంత వాత పెట్టారు. పద్నాలుగో ఏట కాపరానికి వస్తే మిగిలిన పని నాయనమ్మ తీసుకుంది. వాత కాదు, విసనకర్ర కాడ. పుర్రచేత్తో వండితే ఇంట్లో అచ్చిరాదు, వడ్డిస్తే తినేవాడికి అరగదు. అందుకని అమ్మ కుడి చేత్తో కూరలు తరిగి వేళ్లు కోసుకునేది, కుడి చేత్తో పప్పు వడ్డించి నేల మీద పోసేది. ఏ పనీ చేతకాదని పేరు తెచ్చుకుంది. వంట గదిలో ఎవరూ లేనప్పుడు ఎడం చేత్తో ఎంత చకచకా చేసేదో ఎవరికీ తెలియదు, ఎవరూ లేరు కనక.

ఇందులో నా వంతు కూడా ఉంది. "మా అమ్మ వడ్డిస్తే విస్తరికి తప్ప అందరికీ అందుతుంది" అని కాలేజీ స్నేహితుల ముందు నేనొక చమత్కారం విసిరేవాణ్ణి. బాగా పేలేది. అమ్మ కూడా నవ్వేది. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నన్ను నేను నీళ్లతొట్టిలో వేసుకోవాలనిపిస్తుంది.

మర్నాడు ఆదివారం. నాన్న లైను మీద ఉన్నాడు. నాయనమ్మా నేనూ భోజనానికి కూర్చున్నాం. అమ్మ పప్పుగిన్నె పట్టుకొచ్చింది. గరిటె ఎడం చేతిలో ఉంది. మరిచిపోయి కాదు. మొహం చూస్తే తెలుస్తోంది.

నాయనమ్మ విసనకర్ర అందుకుంది.

"ఏటే అది?"

"పప్పు, అత్తా."

"పప్పని నాకూ తెల్సు. ఏ సెయ్యే అది?"

అమ్మ గరిటెని పప్పులో ముంచింది. "నిన్న దొర తిన్న సెయ్యే."

విసనకర్ర గాలిలో నిలబడింది. నాయనమ్మ మూతి బిగించింది. బిగించిన మూతి వణికింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత పెద్దావిడ ఆపుకోలేకపోయింది. "ఓలమ్మా! గొట్టం నమిలేసినాడే! సెంచా సూపిత్తే అంత లావు మడిసీ సేతులెత్తేసినాడే!" కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని నా వైపు తిరిగింది.

"ఒరే బాబూ, నువ్వు కాలేజీ సదివినోడివి. ముందేపు కూకున్నావు. నిజం సెప్పు. ఆ దొరది పుర్రసెయ్యేనా?"

జీవితంలో నా బి.ఏ. ఎవరికైనా పనికొచ్చిన క్షణం అదొక్కటే.

"ముమ్మాటికీ పుర్రచెయ్యే నాయనమ్మా. పుట్టుకతో వచ్చింది."

"ఆళ్లమ్మ వాత పెట్నేదేటి?"

"పెట్టలేదు."

"అందుకే అలగ బొమ్మల్లోకి ఎల్నాడు" అంది నాయనమ్మ. కొంచెం సేపు అమ్మ చెయ్యి చూసింది. విసనకర్ర కింద పెట్టింది. "ఎయ్యి మరి. సల్లారిపోతంది."

అమ్మ పప్పు వేసింది. ఒక్క చుక్క విస్తరి బయట పడలేదు.

ఆనందించాలి కదా. నాకు కోపం వచ్చింది. పాతికేళ్ల పాటు ఆ ఇంట్లో ఒక మనిషి తన చెయ్యి తాను వాడుకోవడానికి మేమెవరమూ సాక్ష్యం చెప్పలేదు. మా నాన్న చెప్పలేదు. చదువుకున్న కొడుకు చమత్కారాలు చెప్పాడు. అమెరికా నుంచి గొడుగులమ్మే కోతి దొర ఒకడు ప్యాంటు ఊడగొట్టుకుంటూ వచ్చి చెప్పాల్సి వచ్చింది. అదీ బొమ్మ తిరగబడితే.

ఆ రోజు నుంచి వంటిల్లు ఎడమవైపుకి తిరిగింది. కత్తిపీట చోటు మారింది. వంకాయ నాలుగు పక్షాలూ సమానంగా తెగేది. పక్కింటావిడ వచ్చి ముక్కున వేలేసుకుంటే నాయనమ్మే జవాబు చెప్పేది. "దొరల్లో ఉందంటమ్మా. మనోడు సూసొచ్చినాడు." సాక్షిని నేను. నాన్న గార్డు లేని బండి బాధలో పడి దొర ఏ చేత్తో తిన్నాడో గమనించనే లేదు.

అయితే నేను ఇంకో పని కూడా చేశాను. తెర వెనక నుంచి వచ్చిన కోపం చల్లారకముందే, ఆ ఆదివారం సాయంత్రమే, ఇంగ్లీషులో ఒక అర్జీ రాశాను. సిబ్బంది కుటుంబాల స్త్రీలకి కూడా తెర ముందు వైపు కుర్చీలు వెయ్యాలని. చాలా మర్యాదగా రాశాను. "వెనక నుంచి చూడటం వల్ల కథానాయకుడి పట్ల కొన్ని అపోహలు కలిగే ప్రమాదం ఉన్నది" అని ఒక వాక్యం కూడా పెట్టాను. చమత్కారం అనుకున్నాను. కాలనీలో సగం మంది చేత సంతకాలు పెట్టించి సోమవారం ఇచ్చేశాను. మా ఇంట్లో పప్పు గరిటె ఆ అపోహ మీదే ఆధారపడి ఉందన్న సంగతి ఆ వాక్యం రాస్తున్న చేతికి తట్టలేదు. తర్కశాస్త్రంలో నాకు మంచి మార్కులు వచ్చేవి.

అర్జీ ఎనిమిది నెలలు పరిశీలనలో ఉంది. అంటే సెక్రటరీగారి బల్ల మీద టీ గ్లాసు కింద ఉంది. నేను వారానికోసారి గ్లాసెత్తి చూపించేవాణ్ణి. వేసవి వచ్చింది. కాలనీ మొత్తం ఆ సినిమానే మళ్లీ వెయ్యమని గోల పెట్టింది. ఒకరోజు సెక్రటరీగారు నన్ను పిలిచారు.

"ఇక నీకు సంతోషమేనా? ఆడవాళ్లకి ముందు వైపు రెండు వరసల కుర్చీలు. కమిటీ ఒప్పుకుంది. శనివారం ఆటతోనే ప్రారంభం."

"ఏ సినిమా అండీ?" అన్నాను. తెలిసే అడిగాను.

"ఇంకేముంటుంది, మీ చెంచా సినిమాయే. పౌరాణికం తెప్పిస్తానంటే ఒక్కడు పలకడు. వాడు తొట్టిలో పడితే చూడాలిట."

"వచ్చే నెల నుంచి మొదలుపెడితే ఎలా ఉంటుందండీ?"

ఆయన కళ్లద్దాలు తీశారు. "ఎనిమిది నెలలు నా ప్రాణం తోడేశావు కదయ్యా!"

"ఈ ఒక్క ఆట పోనిచ్చి..."

"ఏం, కుర్చీలో కూర్చోవడం మన ఆడవాళ్లు ముందుగా ప్రాక్టీసు చెయ్యాలా?" ఆ మాట ఆయనకే ఎంతో నచ్చింది. పక్క బల్లవాళ్లకి రెండుసార్లు చెప్పారు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా అన్నారు. "ఒక్క సంగతి. కమిటీలో నా మాట పోగొట్టుకుని ఒప్పించాను. శనివారం వాళ్లొచ్చి కూర్చోలేదో, ఈ ఫైలు మళ్లీ తెరవను. నువ్వు ఏడ్చినా, నవ్వించినా."

ఇంటికొచ్చి నాయనమ్మ మనసు మార్చడానికి ప్రయత్నించాను. ముందు వైపు సాహెబులుంటారు, నోరెత్తడానికి ఉండదన్నాను. "ఆళ్లు నన్నేటి సేత్తారు?" అంది. మిషను చప్పుడన్నాను. "ఇంజిన్ల పక్కన పడుకుని బతికినోళ్లం." పెట్టెలోంచి పట్టుచీర తీయించింది. అమ్మ ఎడం చేత్తో ఆ చీర మడతలు సరిచేస్తోంది.

శనివారం ఆడవాళ్లు వచ్చారు. రెండు వరసలూ నిండాయి. కుర్చీలో ఎలా కూర్చోవాలో తెలియక ఒకరిద్దరు కాళ్లు పైకి పెట్టుకున్నారు. నాయనమ్మ నడుం వెనక్కి ఆనించి, రెండు చేతులూ రెండు పక్కలా వేసి, పెద్దసాహెబు కన్నా బాగా కూర్చుంది. నేను పక్కన గుంజ దగ్గర నిలబడ్డాను. నా ఎనిమిది నెలల పోరాటం నెగ్గింది. మిషను చెడిపోవాలని దేవుడికి మొక్కుకుంటున్నాను.

మొదటి పోరు వచ్చింది. దొర కుడి చేత్తో లాగాడు, మేజోడు వచ్చింది. మగాళ్లు నవ్వారు, గ్రేడు ప్రకారం. ఆడవాళ్ల వరసల్లో నవ్వు రాలేదు. గుసగుసలు మొదలయ్యాయి.

"ఈడు ఆడు కాదే."

"తమ్ముడేమో."

"టోపీ అదే గదా!"

నేను నాయనమ్మని చూస్తున్నాను. ఆవిడ కుర్చీ చేతుల్ని పట్టుకుని ముందుకి వంగింది. చెంచా ఘట్టం వచ్చేదాకా అలాగే ఉంది. చెంచా కుడి చేతిలో ఉంది. పక్కన అమ్మ. కొంగు మీద ఉన్న ఎడం చెయ్యి చప్పుడు కాకుండా కొంగు కిందికి వెళ్లిపోయింది. అలవాటున్న దారే. చెయ్యి లోపలికి వెళ్లడం నేను చూశాను. నాయనమ్మ కూడా అటే చూసింది.

అప్పుడు నాయనమ్మ లేచింది. మిషను వెలుగుకి అడ్డంగా లేచింది. తెర మీద చేతులెత్తిన రౌడీ స్థానంలో మా నాయనమ్మ ముడి, భుజాలు నల్లగా నిలబడ్డాయి.

"బైఠో! బైఠ్ జావో!" సోఫాల్లోంచి అరిచారు.

"ఏటి బైటో?" నాయనమ్మ వెనక్కి తిరిగి వెలుగులో కళ్లు చిట్లించింది. "ఇటేపు బొమ్మ ఉల్టాగా అగుపిస్తంది. దొర సెయ్యే మారిపోనాది. ఇదేటి సూడ్డం! నెగవండర్రా, మన సోటుకి పోదాం." వంగి అమ్మ కొంగు లాగింది. "నెగవే కోడలా. ఆడు ఇటు తప్పు తింతన్నాడు."

అమ్మ లేచింది. పక్కావిడ లేచింది. తర్వాత వరస మొత్తం లేచింది. పట్టుచీరలు గుంజని చుట్టుకుని కాలవ వైపు నడిచాయి. అటు ఖలాసీలు తాడెత్తి దారిచ్చారు. అర నిమిషం తర్వాత తెర అవతల నవ్వు పేలింది. ఇటు ఇంకా సాహెబు నవ్వలేదు.

సెక్రటరీగారు నా భుజం తట్టారు. ఆయన మొహంలో ఉన్న దయ నేను మరిచిపోలేను. "చూశావా? ఎవరి చోటు వాళ్లకి హాయి. నీలాంటి చదువుకున్నవాళ్లే లేనిపోనివి పెడతారు." సోమవారం మినిట్స్ పుస్తకం నా ముందు పెట్టారు. స్త్రీలు తమ ఇష్టప్రకారమే తెర వెనక కూర్చోదలిచారు, అర్జీదారు సమక్షంలో ఇది రుజువైనది. కింద అర్జీదారు సంతకం.

పెట్టాను. పెట్టకపోతే వాళ్లెందుకు లేచారో చెప్పాలి. చెబితే, దొరది అసలు కుడిచెయ్యేనని ఆ సాయంత్రానికి కాలనీలో ప్రతి గుమ్మానికీ తెలుస్తుంది, మా గుమ్మంతో సహా. ఎనిమిది నెలలు పోరాడి గెలిచిన దాన్ని నా చేత్తోనే రద్దు చేశాను. అక్షరాలు చాలా చక్కగా వచ్చాయి.

ఇంటికొచ్చేసరికి మాత్రం చక్కదనం ఏమీ మిగల్లేదు. అమ్మ వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. నా కోపమంతా ఆవిడ మీద కక్కాను. ఎవరి మీద కక్కాలో వాళ్లందరూ నాకన్నా పెద్ద గ్రేడువాళ్లు.

"ఎనిమిది నెలలమ్మా! ఆ మనిషి టీ గ్లాసు కింద ఎనిమిది నెలలు! కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఇంకాసేపు కూర్చోలేకపోయారా? ఆవిడ పెద్దది, ఆవిడకి తెలీదు. నువ్వెందుకు లేచావు? ఏ వైపు బొమ్మ ఉల్టాయో నీకూ తెలీదా?"

అమ్మ తరగడం ఆపలేదు.

"తెల్సు."

"ఎప్పుడు తెలుసు? నిన్నగాక మొన్నా?"

"మొదటాట నాడే. రోజూ ఎవరూ లేనప్పుడు అద్దంలో ఈ సేత్తోనే బొట్టెట్టుకుంతాను గదరా. అందులో మడిసిది ఎప్పుడూ కుడిసెయ్యే." ఎడం చేతిలో బెండకాయ ఒకసారి పైకెత్తి చూపించింది. "బట్టకి అటూ ఇటూ అంతే గదా."

నేను పీట మీద కూలబడ్డాను. అంటే ఎనిమిది నెలలుగా నేను కాపాడుతున్న రహస్యం ఆవిడ నా నుంచి కాపాడుతోంది. నా అబద్ధానికి నేను గర్వపడుతుంటే ఆవిడ పాడుచెయ్యలేదు. నా చమత్కారానికి నవ్వినట్టే.

"మరి నాయనమ్మకి?" అన్నాను గొంతు తగ్గించి. "ఆవిడ నిజంగా అటువైపే సరైన బొమ్మ అనుకుందా? లేకపోతే..."

"ఆవిణ్ణి అడక్కు" అంది అమ్మ వెంటనే. "అడిగితే సెప్పాలొస్తది."

అడగలేదు. ఆ తర్వాత ఆవిడ బతికున్నన్నాళ్లూ అడగలేదు. విసనకర్ర దగ్గర్లోనే ఉండేది, ఉక్కపోసినప్పుడు విసురుకునేది.

కోపం తగ్గిందనుకోకండి. తగ్గలేదు. మా అమ్మకి రెండిట్లో ఒకటే దొరికింది, చెయ్యో కుర్చీయో. రెండూ కావాలనడం అత్యాశ అని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరం లేకుండా ఏర్పాటు చేశారు. ఆ సాయంత్రమే కాగితం తీసి ఇంకో అర్జీ మొదలుపెట్టాను. సిబ్బంది స్త్రీలు తమ ఇష్టప్రకారమే తెర వెనక కూర్చోదలిచారని తమరే రుజువు చేసినారు కనుక, సదరు కుర్చీలు సదరు వెనక వైపే వేయించవలెను. కాలవ మీద పలకలు కూడా.

అమ్మ వచ్చి సిరాబుడ్డి నా పక్కన పెట్టింది, ఎడం చేత్తో. గుమ్మంలో చాప మీద నడుం వాల్చిన నాయనమ్మ అడిగింది.

"ఏట్రా రాస్తన్నావు?"

"కుర్చీలు నాయనమ్మా. అటేపు వెయ్యమని."

నాయనమ్మ నడుం కింద చెయ్యి పెట్టుకుని అటు తిరిగి పడుకుంది.

"ఈపు ఆనుకునేవని రాయి" అంది. "బల్లలు పడేసి పోతారు ఎదవలు. మొన్న ఆనుకున్న పది నిమిసాలు ఎంత బాగుందో నాకు తెల్సు."